ఓడ దిబ్బ దగ్గర ఎడంచేతి ముడి

మా మనవరాలు చదివే హైస్కూలు వాళ్ళు ఈ ఏడు ఒక పుస్తకం వేస్తున్నారట. ఊళ్ళలో పెద్దవాళ్ళు చేసిన పనుల గురించి వాళ్ళ చేతే రాయించి పిల్లలకి ఇస్తారట. సారు కబురు పెడితే మొదట నా వల్ల కాదన్నాను. నేను నాలుగో తరగతి మధ్యలో బడి మాని సముద్రానికి పోయినవాణ్ణి. బస్సు బోర్డులు, మందుల చీటీలు, బోటు నంబర్లు చదవడం వచ్చు గానీ, కూర్చుని ఒక సంగతి మొదటి నుంచి చివరిదాకా రాయడం ఎప్పుడూ చెయ్యలేదు. "నువ్వు చెప్పు తాతా, నేను రాస్తాను" అంది మా మనవరాలు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చివర్లో మీకే తెలుస్తుంది. తప్పులు సారు దిద్దుతానన్నారు. అక్షరాలు దిద్దండి గానీ సంగతి దిద్దకండి అని బతిమాలుకున్నాను.

నేను కాకినాడ హార్బరులో పెద్ద బోటు మీద డ్రైవరుగా చేశాను. వల లాగే బోటు. డ్రైవరంటే బోటు తిప్పేవాడే కాదు, వల ఎక్కడ వెయ్యాలో చెప్పేవాడు కూడా. చేప పడితే ఓనరు గారి అదృష్టం, పడకపోతే డ్రైవరు తప్పు. అన్నేళ్ళ పనిలో తుఫాన్లు చూశాను, ఇంజను ఆగిపోయి నాలుగు రోజులు కొట్టుకుపోయాను. అవన్నీ రాస్తే మీకు సరదాగా ఉంటుంది. కానీ నాకు నిద్ర పట్టనప్పుడు గుర్తొచ్చేది వేరే సంగతి. అదే రాస్తాను.

మా ఊరు లంక. ఒక పక్క గోదావరి పాయ, ఇంకో పక్క సముద్రం, వెనకంతా మడ అడవి. ఎక్కడికి పోవాలన్నా రేవు దాటాలి. నేల ఉప్పు నేల, వరి పండదు, కూరగాయ కాయదు. బియ్యం, ఉప్పు, చింతపండు తప్ప పూర్వం మావాళ్ళు ఏమీ కొని తినలేదు. పొద్దున చద్దన్నంలోకి ముందురోజు చేపల పులుసు. మధ్యాహ్నం కవ్వళ్ళనే చిన్న చేపల ఇగురు. ముసురు పట్టి నావలు కదలకపోతే ఎండు నెత్తళ్ళు, రొయ్యపొట్టు. డబ్బులు లేనివాళ్ళమే గానీ, కంచంలో చేప లేని రోజు నా చిన్నతనంలో నాకు గుర్తు లేదు.

నావ లేనివాళ్ళకి కూడా చేప ఉండేది. ఏ నావ ఒడ్డుకి వచ్చినా, అమ్మకానికి బుట్టల్లో పెట్టకముందే కూర చేప తీసేవారు. మొగుడు పోయిన ఆడమనిషి, చూపు లేని ముసలాయన, జ్వరం వచ్చి వేటకి పోలేనివాడు, ఎవరు రేవులో నిలబడితే వాళ్ళ గిన్నెలో గుప్పెడు వేసేవారు. అడగక్కర్లేదు. నిలబడితే చాలు.

ఇంకొకటి బాలింత వంతు. ఊళ్ళో ఏ ఇంట్లో కాన్పు అయినా, వంతులో ఉన్న నావ ఓడ దిబ్బకి వెళ్ళి పాల సొర తేవాలి. పాల సొర అంటే మూరెడు కూడా ఉండని చిన్న సొర చేప. దాన్ని ఉడకబెట్టి, తోలు తీసి, పొడి చేసి, వెల్లుల్లి దండిగా వేసి పిట్టు చేస్తారు. అది తింటే తల్లికి పాలు పడతాయని మా ఆడవాళ్ళ నమ్మకం. నిజమో కాదో డాక్టర్లు చెప్పాలి. నేనూ, మా అమ్మా, మా అమ్మమ్మా ఆ పిట్టు పాలతోనే పెరిగాం.

ఓడ దిబ్బ సముద్రంలో ఉంది. పైకి ఏమీ కనపడదు. ఎప్పుడో మా తాతల తాతల నాడు ఒక సరుకుల ఓడ అక్కడ మునిగిందట. దాని చుట్టూ మట్టి చేరి దిబ్బ కట్టింది. సొరలు పిల్లలు పెట్టడానికి అక్కడికి వస్తాయి. అక్కడ వల వెయ్యకూడదు, గాలమే వెయ్యాలి. అది ఊరి కట్టు. పైగా ఆ చోటు ఎక్కడుందో మా లంకవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఒడ్డు వైపు చూస్తే లైట్‌హౌసు ముందుకి ఒంటి తాడిచెట్టు వచ్చి నిలబడాలి. అదే సమయానికి పడమటి పక్క రెండు సరుగుడు చెట్ల సందులోంచి అమ్మవారి గుడి శిఖరం కనపడాలి. రెండూ ఒకేసారి కుదిరిన చోట గాలం వదలాలి. ఈ గురుతు నేల మీద ఉండగా ఎవరూ నోటితో చెప్పరు. నావ మీద తీసుకెళ్ళి వేలితో చూపిస్తారు.

నాకు చూపించింది మా మేనమావ. మా నాన్న లేకపోతే ఆయనే పెంచాడు, తర్వాత కూతుర్ని కూడా ఇచ్చాడు. నావ నడపడం, వల అల్లడం అంతా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయనది ఎడంచేతి వాటం. ఎదురుగా కూర్చుని ఆయన చేతులు చూస్తూ నేర్చుకున్నాను గనక, నేను కుడిచేతివాణ్ణయినా నా ముళ్ళు కూడా ఎడంవైపే తిరుగుతాయి. హార్బరులో వలలు బాగుచేసేటప్పుడు మిగతావాళ్ళు నవ్వేవారు. "నీ ముడి విప్పాలంటే అద్దంలో చూడాలిరా" అనేవారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

మా ఓనరు గారిది వ్యాపారస్తుల కుటుంబం, టౌన్లో కిరాణా హోల్‌సేలు. మంచి మనిషి. పండక్కి బోటు మీద అందరికీ బట్టలు పెట్టేవారు. ఒక ఏడు వేట నిషేధం అయిపోయి బోట్లు బయల్దేరే రోజున ఆయన బోటుకి జీపీఎస్ డబ్బా పెట్టించారు. టిఫిను బాక్సంత ఉంది. తెర మీద బోటు ఎక్కడుందో చూపిస్తుంది. కొబ్బరికాయ కొట్టి, అందరూ ఉండగా ఓనరు గారు నా భుజం తట్టారు.

"ఇంక మన డ్రైవరు గారికి బుర్రనొప్పి తగ్గిపోయిందండి. డబ్బా చూపించిన చోటికి పోతే చాలు. రేపు మా గుమస్తాని ఎక్కించినా బోటు నడిచిపోద్ది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన సరదాకే అన్నారు. కానీ అప్పటికి ఇరవై ఏళ్ళుగా నక్షత్రాలు చూసి, నీటి రంగు చూసి బోటు నడిపినవాణ్ణి. ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది.

ఆ వేటకి తొమ్మిది రోజులు తిరిగాం. పైన విశాఖపట్నం దాటి పోయాం, కింద నరసాపురం దాకా దిగాం. వల ఎత్తినప్పుడల్లా పీతలు, జెల్లీ చేపలు, వేలెడు చేప పిల్లలు. పదేళ్ళ కిందట అదే చోట వల లాగితే బోటు పక్కకి ఒరిగేది. బోట్లు పెరిగాయి, వల కన్ను చిన్నదైంది, చేపకి పెరిగే టైము ఎవరూ ఇవ్వలేదు. ఆ రోజు మాత్రం నేను ఇలా ఆలోచించలేదు. ఖాళీగా హార్బరులోకి ఎలా పోవాలా అనే ఆలోచించాను.

మా రెండో డ్రైవరు తుని దగ్గరవాడు, మాటకారి. కేబినులోకి తల పెట్టాడు.

"డ్రైవరు గారూ, ఆ డబ్బాలో చేపలేమన్నా కనపడతన్నాయాండి?"

"నోరు ముయ్యరా."

"అది కాదండి, ఐసు మొత్తం అలాగే ఉండిపోయింది. మజ్జిగలో ఏసుకు తాగేద్దామా అని."

వెనక కూర్చున్న వాళ్ళు కిసుక్కుమన్నారు. "గుమస్తా గారిని పిలిపించాల్సిందే" అన్నారెవరో.

తిరిగి వస్తున్నాం. మధ్యాహ్నం దాటింది, ఎండ చల్లబడింది. దూరంగా లైట్‌హౌసు కనపడింది. దానికి కొంచెం ఎడంగా మా ఒంటి తాడి. నా చెయ్యి దానంతట అదే తిరిగిందని రాద్దామనుకున్నాను. కానీ అలా కాదు. నేనే తిప్పాను.

డబ్బా కట్టేశాను. "ఇప్పుడు చూడండి, డబ్బా లేకుండా" అన్నాను. ఒడ్డుకి అంత దగ్గరగా పెద్ద బోట్లు వల లాగకూడదని రూలుంది. ఆ రూలు నాకు తెలుసు, బోటు మీద అందరికీ తెలుసు. ఊరి కట్టు నాకొక్కడికే తెలుసు. తాడిచెట్టు లైట్‌హౌసు ముందుకి వచ్చింది. సరుగుడు చెట్ల సందులో గుడి శిఖరం కనపడింది.

"ఇక్కడేముంటాదండీ, బురద తప్ప?" అన్నాడు రెండో డ్రైవరు.

"ఎయ్యి వల."

దిబ్బ అంచునే లాగాను. మీదకి పోతే వల చిరిగిపోతుందని తెలుసు. అయినా చివర్లో కొంచెం తగిలింది, ఒక మూల చిరిగి కిందే ఉండిపోయింది. నిషేధం నెలల్లో నేనే కూర్చుని ఆకుపచ్చ నైలాను దారంతో అతుకు వేసిన మూల. మిగతా వల పైకి వచ్చింది. తొమ్మిది రోజుల్లో పడనిది ఒక్కసారికే పడింది. చందువలు, మాగలు, పెద్ద సొరలు నాలుగైదు. వాటి కింద పాల సొరలు. కుప్ప. కొన్నింటికి ఇంకా బొడ్డు దగ్గర పచ్చి ఆరలేదు.

 తర్వాత రెండో డ్రైవరు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"మీ బుర్ర ఆ డబ్బా కన్నా పెద్ద డబ్బా అండి."

అంత పొగడ్త నాకు ఎవరూ ఇవ్వలేదు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే, సిగ్గుతో పాటు, చెప్పకూడదు గానీ, కొంచెం సంతోషం కూడా వేస్తుంది. అందుకే ఈ సంగతి నన్ను వదలదేమో.

"డబ్బాలో గుర్తు పెట్టేయండి డ్రైవరు గారూ. ఇంకోసారి వచ్చేసరికి మంచు పడి ఒడ్డు కనపడకపోతే?" అన్నాడు.

డబ్బా వేశాను. ఓనరు గారు నేర్పిన బటను నొక్కాను. తెర మీద చిన్న జెండా లేచింది. పేరు పెట్టమని అడిగింది. నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు గనక వదిలేశాను. దానంతట అదే ఒకటో నంబరు వేసుకుంది. పంచె కొంగున ముడి వేసుకున్నట్టు, అది నా బోటులోనే, నా దగ్గరే ఉంటుందనుకున్నాను.

హార్బరులో పెద్ద చేప ఐసు బండ్లెక్కింది. చిన్న చేపనంతా, పాల సొర పిల్లలతో సహా, పారలతో ఎత్తి మేత మిల్లు లారీలో పోశారు. ఎప్పుడూ చేసేదే. మిల్లులో పొడి చేసి రొయ్యల చెరువులకి, కోళ్ళకి పంపుతారు. నేను మాత్రం నాలుగు పాల సొరలు తడి గోనెలో చుట్టి ఇంటికి పట్టుకెళ్ళాను.

మా ఆవిడ పిట్టు చేసింది. మా మావ మా ఇంట్లోనే తిన్నాడు.

"ఎక్కడియ్యిరా ఇయ్యి? కాన్పు లేకుండా సొర తెచ్చావు?"

"దూరం మావా. ఒరిస్సా వైపు పడ్డాయి."

"బాగున్నాయిరా. మన దిబ్బ చేపలాగే ఉంది రుచి" అన్నాడు.

మరుసటి ఏడు నిషేధంలో డబ్బాలన్నీ బాగుచెయ్యడానికి ఒక మెకానిక్ వచ్చాడు. కుర్రాడేం కాదు, నలభై ఏళ్ళ మనిషి, పద్ధతైనవాడు. నా డబ్బా తిరిగి ఇస్తూ అన్నాడు.

"మీ గుర్తులేవీ పోలేదండి, భద్రంగా ఉన్నాయి. పన్లో పని, అన్ని బోట్ల గుర్తులూ కలిపి అందరి డబ్బాల్లోకీ ఎక్కించేశాను. అందరికీ ఉపయోగం కదండి. మీ దాంట్లో ఒక్కటే ఉందండి, దానికి పేరు కూడా లేదు."

డబ్బా మళ్ళీ ఆయన చేతికే ఇచ్చాను. "అది తీసెయ్యొచ్చాండి?"

"మీ దాంట్లోంచయితే ఇప్పుడే తీసేత్తాను. అందరి దాంట్లోంచీ ఎలా తీత్తామండి?"

ఆయన తప్పేం లేదు. మేలు చేశాననే అనుకున్నాడు. డబ్బు కూడా తీసుకోలేదు.

నిషేధం తీసిన వారానికి ఓడ దిబ్బ మీద పదకొండు పెద్ద బోట్లు చూశాను. పగటి వేళ, లైట్‌హౌసుకి ఎదురుగా, జాతరలో బండ్లలా. నేను బోటు వెనక్కి తిప్పి వెళ్ళిపోయానని రాస్తే మీరు నమ్ముతారు. కానీ నేనూ వల వేశాను. ఎలాగూ అందరూ లాగేస్తున్నారు కదా అనుకున్నాను. పన్నెండో బోటు మాదే.

రెండు వేటకాలాలు అలా గడిచాయి. దిబ్బ దగ్గర పుట్టిన చేపే మా లంక ఒడ్డుకి వచ్చేది. అక్కడ పోయేసరికి ఇక్కడ కూడా పోయింది. నావలు పొద్దున్నే వెళ్ళి అడుగు కూడా తడవని బుట్టలతో వచ్చేవి. ఉన్న నాలుగు చేపలూ అమ్మితేనే బియ్యం. కూర చేప తియ్యడానికి చెయ్యి రాలేదు ఎవరికీ. నావ లేనివాళ్ళు కొన్నాళ్ళు గిన్నెలు పట్టుకుని రేవులో నిలబడ్డారు. తర్వాత వాళ్ళే రావడం మానేశారు. తమకి చేప దొరకలేదని కాదు. తమని చూసి నావల వాళ్ళు తల దించుకుంటున్నారని మానేశారు. మొగుడు పోయిన ఒకావిడ నాతో అంది: "రేవుకి వత్తే మిమ్మల్ని అడిగినట్టుంటాది తమ్ముడూ. ఇంట్లో ఉంటే నాకేం తక్కువైనట్టు ఉండదు."

రేవు అవతల బ్రాయిలరు కోళ్ళ కొట్టు పెట్టారు. మావాళ్ళు రేవు దాటి కోడి కొనుక్కుని రావడం మొదలుపెట్టారు, అది కూడా ఆదివారం ఆదివారం. మిగతా రోజుల్లో పచ్చడి మెతుకులు, పల్చటి చారు. ఆ కోళ్ళు తిన్న మేతలో మా చేప పిల్లలే ఉన్నాయని నాకు తెలుసు. తింటూ ఎవరికీ చెప్పలేదు.

ఊరంతా ఒకటే మాట, దిబ్బ గురుతు బయటికి ఎలా పోయిందని. మా మావ అరుగు మీద కూర్చుని చెప్పేవాడు: "ఎవడూ చెప్పలేదురా. ఆ డబ్బాలు ఆకాశంలోంచి చూత్తాయంట కదా. నీళ్ళ అడుగున ఓడ కూడా కనపడిపోతాదంట. మనోడు కూడా పెద్ద బోటు మీదే ఉన్నాడు, అడగండి." అందరూ నా వైపు చూసేవారు. "అవును మావా, కనపడతాది" అన్నాను. ఆయన నా మాట నమ్మాడు. ఆయన నమ్మని రోజు ఎప్పుడూ లేదు.

అలా ఉండగా మా అమ్మాయి మొదటి కాన్పుకి వచ్చింది. పిఠాపురం దగ్గర ఇచ్చాం. కాకినాడ ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. లంకకి తీసుకొచ్చాక బిడ్డకి పాలు చాలలేదు. పొద్దస్తమానం ఏడుపు. నర్సమ్మ వచ్చి చూసి, గుడ్లు తిను, పాలు తాగు, సొర చేపే తినాలని ఏమీ లేదమ్మా అని మంచిగానే చెప్పింది. మా ఆవిడ తల ఊపింది గానీ ఆమె పడవెక్కగానే నా దగ్గరికి వచ్చింది.

"బావా, ఈ లంకలో పుట్టిన ఏ బిడ్డకీ లేని లోటు మన బిడ్డకెందుకు?"

వంతు నావ రెండు రోజులు వెళ్ళి ఉత్తినే తిరిగొచ్చింది. నేను హార్బరంతా వెతికాను. పాల సొర దండిగా ఉన్న రోజుల్లో పారలతో ఎత్తి పోసినవాణ్ణి, ఒక్కటి కోసం బుట్ట బుట్టలోకీ తొంగి చూశాను. తెలిసినవాళ్ళు "ఏం డ్రైవరు గారూ, సొంత బోటు చేప సరిపోలేదా?" అని నవ్వారు. దొరకలేదు.

మూడో రోజు తెల్లవారుతుండగా మా మావ గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో గాలం తాడు. అప్పటికి ఆయనకి డెబ్భై దాటాయి, నావ ఎక్కడం మానేసి ఏడాదైంది.

"పదరా. నువ్వూ నేనూ ఎల్దాం. ఈ కుర్రోళ్ళకి గురుతు సరిగ్గా కుదరట్లేదు."

వద్దనడానికి నాకేం కారణం ఉంది? ఉన్న కారణం చెప్పలేను. చిన్న నావలో ఇంజను వేసుకుని వెళ్ళాం. ఎండ ఎక్కింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని ఒడ్డు వైపు చూశాడు. అప్పటికే సముద్రం కోసుకుపోయి ఒంటి తాడి ముందుకి వాలిపోయి ఉంది. "ఒంగిపోయింది, దానికి తగ్గట్టు కొంచెం ఇటు రా" అన్నాడు. ఆయన చూపించిన చోట ఆపాను. నా జెండా చోటే. బారెడు కూడా తేడా లేదు.

గాలం వదిలాడు. ఏమీ లేదు. మళ్ళీ వదిలాడు. ఏమీ లేదు. నేను నీళ్ళలోకే చూస్తున్నాను. మూడోసారి తాడు బరువెక్కింది. ఆయన ముఖం విచ్చుకుంది.

"పడిందిరా. బిడ్డ అదృష్టం."

ఇద్దరం కలిసి లాగాం. పైకి వచ్చింది చేప కాదు, వల ముక్క. మంచం మీద దుప్పటంత ఉంది. దాంట్లో ఎండిన పీత డిప్పలు, చేపల ముళ్ళు ఇరుక్కుని ఉన్నాయి. రెండేళ్ళుగా ఎవరూ లాగకపోయినా అది చేపల్ని పడుతూనే ఉంది. మధ్యలో ఆకుపచ్చ దారంతో వేసిన అతుకు.

మా మావ గాలం తప్పించి అవతల పడేసేవాడే. కానీ వల ఏది కనిపించినా చేత్తో తడిమి చూడ్డం ఆయనకి అలవాటు. మోకాలి మీద పరుచుకున్నాడు. అతుకు మీద బొటనవేలు పెట్టాడు. ఒక ముడి చూశాడు. పక్క ముడి చూశాడు. ముక్కని తిరగేసి మళ్ళీ చూశాడు.

"ఇది కుడిచేతోడు నేర్పిన ముడి కాదురా."

నేను నీళ్ళ వైపు తిరిగాను.

"నేనెప్పుడూ పెద్ద బోటెక్కలేదు."

ఇంజను ఆపేసి ఉంది. నావ అడుగున నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు ఒక్కటే.

"ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు దాటింది మావా."

"ఆవేళ నువ్వు తెచ్చిన సొరలు. ఒరిస్సా అన్నావు. ఇక్కడియ్యేనా?"

"ఆఁ."

ఆయన వల మీంచి చెయ్యి తీశాడు. తిడతాడనుకున్నాను. తెడ్డు పెట్టి కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"పిట్టు బాగుందని రెండోసారి ఏయించుకు తిన్నానురా" అన్నాడు.

తర్వాత గాలం తాడు చుట్టుకున్నాడు. వల ముక్కని సముద్రంలో పడెయ్యలేదు, మడిచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. "పద. రేవు అవతల మందుల షాపు మజ్జానం కట్టేత్తాడు. బిడ్డకి పాల డబ్బా కొనాలి" అన్నాడు. 

ఒడ్డున మా ఆవిడ నిలబడి ఉంది. గిన్నె తెచ్చుకుంది.

"దొరికిందా నాన్నా?"

"అక్కడేం లేదమ్మా. గాలానికి చింకి వల తగిలింది."

అంతే. ఆ రోజూ, ఆ తర్వాతా ఆయన ఎవరికీ చెప్పలేదు. ఊరి పెద్దల్ని పిలిచి బాలింత వంతు ఇంక ఆపేద్దాం, నావలకి డీజిలు దండగ అని చెప్పాడు. కారణం అడిగితే వయసైపోయిందన్నాడు. మా ఇంటికి రావడం మానలేదు. నాతో మాట్లాడటం మానలేదు. చేపల సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు. నాలుగేళ్ళకి పోయాడు. ఆ నాలుగేళ్ళలో ఓడ దిబ్బ గురుతు ఇంకెవరికీ చూపించలేదు. ఒంటి తాడి కూడా ఒక ముసురులో సముద్రంలో పడిపోయింది. ఇప్పుడా చోటు మా లంకలో ఎవరికీ తెలియదు. హార్బరులో బోట్ల డబ్బాల్లో మాత్రం ఉంది, పేరు లేకుండా.

నేను ఆ రోజుతో పని మానేశాననుకుంటారేమో. లేదు. ఇంకో ఆరేళ్ళు చేశాను. వేరే పని రాదు. కళ్ళు మసకలు కమ్మాక ఓనరు గారు శాలువా కప్పి ఇంటికి పంపారు. "మన డ్రైవరు గారికి డబ్బాలు అక్కర్లేదండీ" అన్నారు ఆ సభలో. అందరూ చప్పట్లు కొట్టారు.

మీలో కొందరు రేపు బోటెక్కుతారు. ఎక్కొద్దని చెప్పడానికి నేనెవర్ని? ఆ బటను నొక్కేముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ రోజు నాకు ఆగడానికి చాలా టైముంది. తొమ్మిది రోజులు ఖాళీగా తిరిగినవాడికి ఒక నిమిషం ఏం ఎక్కువ?

ఆ వల ముక్క ఏమైందంటే, మా మావ దాన్ని శుభ్రంగా కడిగి ఎండబెట్టి మా పెరట్లో కోళ్ళగూటికి కప్పాడు. చేప లేదు గనక మా ఆవిడ అప్పుడే నాటు కోళ్ళు పెంచడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున్నే గూడు తెరిచేది నేనే. ఆకుపచ్చ అతుకు సరిగ్గా తలుపు మీదకి వస్తుంది. కావాలనే అలా కప్పాడో, అలా కుదిరిందో నాకు తెలియదు. అడగలేదు. మొన్న కూడా మా ఆవిడ దాన్ని సవరిస్తూ అంది:

"ఎవరల్లారో గానీ బావా, ఇన్నేళ్ళకి ఒక్క ముడి జారలేదు."

"అవును" అన్నాను.

ఆవిడకి చదువు రాదు. ఈ పుస్తకం అచ్చయ్యాక మా మనవరాలే ఆవిడకి చదివి వినిపిస్తుంది. వాళ్ళ నాన్న గుజరాత్ బోట్ల మీదకి పోయాడు, అమ్మ రొయ్యల షెడ్డులో పని చేస్తోంది, అందుకని ఆ పిల్ల మా దగ్గరే ఉంటుంది. ఆ రోజు పాల కోసం ఏడ్చిన బిడ్డ అదే. డబ్బా పాలతో పెరిగింది. అందుకే నేను చెప్పి దాని చేత రాయించలేదు. నా ఎదుట అది రాయడం ఆపేస్తే, మిగతాది చెప్పే ధైర్యం నాకు ఉండదు.

అమ్మా, ఇక్కడిదాకా వచ్చేసరికి నువ్వు చదవడం ఆపి నా వైపు చూస్తావు. ఆపకు. మీ అమ్మమ్మకి మొత్తం చదివెయ్యి. నేను పెరట్లో, కోళ్ళగూటి దగ్గరే ఉంటాను. ఆవిడ పిలిస్తే వస్తాను.